గైరుహాజరు వేసిన పంతులమ్మ

మొన్న పొద్దున మా పంతులమ్మ పోయింది. ఆమె కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం తీసుకెళ్తారు. తర్వాత ఇల్లు కడగాలి, కాస్త వస్తావా?" కండ్లల్ల నీళ్ళు తిరిగేలోపే పని చెప్పింది. సరేనమ్మా అన్న.

సరూర్‌నగర్‌ల అప్పుడు మా వాడను హరిజనవాడ అనేటోళ్ళు. మా బడి ఒక్క గది, రేకుల కప్పు. కోస్తా నుంచి వచ్చిన పంతులమ్మ నా పిడికిలి పట్టుకొని అక్షరాలు దిద్దిచ్చింది. మా చేతులు ముట్టుకుంటదని మా అమ్మ వాడంత చెప్పుకున్నది. పక్కపిల్ల పలక చూసి రాస్తే మాత్రం చెవి మెలిపెట్టేది. "ఉన్నది ఉన్నట్టు రాయవే" అనేది. ఇయ్యాల గట్లనే రాస్తున్న.

అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి మొదలైంది. బళ్ళు బందు. మా నాయన పని బందు. మేము అమ్మలెంట రాళ్ళు కొట్టే కూలికి పోయినం. ఆంధ్రామె బయట తిరగాలంటే భయపడే రోజులు, అయినా పంతులమ్మ రోజూ వచ్చి ఖాళీ గదిల కూసొని మాకు గైరుహాజరు వేసేది. రోడ్డవతల కాలనీ బడి కూడ ఖాళీయే. ఆ పిల్లలకు ఇండ్లల్ల ట్యూషన్లు. వాళ్ళ హెడ్మాస్టరు మాత్రం అందరికీ హాజరు వేసిండు.

లొల్లి సల్లబడ్డంక బళ్ళ ఇన్‌స్పెక్టర్ రెండు బళ్ళ హాజరు రిజిస్టర్లు చూసి, పిల్లలు రాని బడి ఎందుకని మాది మూసేసిండు. మా బల్లలు, మా పంతులమ్మ కాలనీ బడికి పోయినయి. అమ్మ నన్ను తీస్కపోతే "జాగ లేదు" అన్నరు. మా బల్లల మీదనే మాకు జాగ లేదంట.

ఏడేండ్లకు అదే బడిల జాగ దొరికింది, ఊడ్చే పనికి. పంతులమ్మ క్లాసుల చీపురు దగ్గరికి రాంగనే, పాఠం ఆపకుండ కాళ్ళు రెండు పైకెత్తేది. ఒకసారి అడిగిన.

"అమ్మా, మాక్కూడ హాజరు వేస్తే ఏం పోయేది?"

"రాని పిల్లలు వచ్చారని ఎలా రాస్తానే? అబద్ధం కదా."

ఆమె ముఖంల బాధ వెతికిన. లేదు. ఆమె మంచిదే, ఆ మంచితనమే మమ్మల్ని ముంచింది. నాకు ఇప్పటికీ కోపమే. సంతకం పెట్టినప్పుడల్ల నా పిడికిలి మీద ఆమె చెయ్యి కూడ యాదికొస్తది, ఏం జెయ్యాలె.

ఆమె రిటైరయినంక దిల్‌సుఖ్‌నగర్‌ల వాళ్ళింట్ల కూడ నేనే ఊడ్చిన. తప్పయిందే అని ఒక్క మాట అంటదేమోనని పోయేదాన్ని. అనలే.

మొన్న ఆమెను తీస్కపోయినంక హాలు కడిగిన. కిటికీ పక్కన ఆమె కుర్చీ. అక్కడికి రాంగనే నా చీపురు ఆగింది. కాళ్ళు ఎత్తుతదని జరసేపు నిలబడ్డ.