చెంపకు తెలిసే తడి

కుండీల కార్ఖానాలో ఆమెను అందరూ ఆవం అత్త అంటారు. యజమాని ఆమె అన్న కొడుకు కాబట్టి అతను అత్తా అని పిలవడం న్యాయమే. మట్టి తొక్కేవాళ్ళూ, లారీ డ్రైవరూ, ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన కాపలాదారూ కూడా అలాగే పిలుస్తారు. ఆమె పలుకుతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవం కాల్చేది ఆమే. నిజానికి ఆ పని ఆమె భర్తది. కుమ్మరి సారె మీద అతని చేయి మంచిది. మంట ముందు కూర్చోబెడితే మాత్రం నిద్రపోతాడు. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆమె క్యారేజీ తెచ్చింది. అతను గురక పెడుతున్నాడు, పొయ్యి చల్లారుతోంది. క్యారేజీ పక్కన పెట్టి రెండు కట్టెలు వేసింది. ఆ తరువాత ఆమెను అక్కడి నుంచి ఎవరూ లేవమనలేదు. ఈలోగా మూడుసార్లు కనుబొమ్మలు కాలాయి. ఆఫీసు గోడ మీది ఫోటోలో అందరూ నవ్వుతుంటారు. ఆమె సంగతి చెప్పలేం. కనుబొమ్మలు లేనప్పుడు తీసిన ఫోటో అది.

ఆవమంటే మనిషెత్తు గుండ్రటి ఇటుక గోడ. కింద నాలుగు పొయ్యి నోళ్ళు. లోపల కుండీలు పేర్చి పైన పగిలిన పెంకులు కప్పుతారు. వంద పెడితే ఎనభై అయిదు చక్కగా వస్తాయి. కొన్ని నల్లబడతాయి, కొన్ని బీటలిస్తాయి. ఆ పదిహేనింటి గురించి ముప్పై ఏళ్ళు ఎవరూ మాట్లాడలేదు. తోటల కంపెనీ వచ్చాక అందరూ వాటి గురించే మాట్లాడారు. కంపెనీకి ఏడాది పొడవునా నడుమెత్తు కుండీలు కావాలి. అన్నీ ఒకే రంగులో ఉండాలి, ఒక్కటీ బీటలివ్వకూడదు.

మేనల్లుడు ఒక ఉదయం ఆవం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, దీన్ని తీసేద్దామనుకుంటున్నా."

"తీసేసి?"

"గ్యాస్ బట్టీ పెడదాం. కరెంటుదైనా సరే."

"మరి నేను?"

మేనల్లుడు ఫోను చూసుకున్నాడు. ఫోను మోగలేదు.

"పరీక్ష పెట్టు," అంది ఆమె. "ఒకే మట్టి, ఒకే చెయ్యి. మూడింటిలో కాల్చు. నేను ఓడిపోతే నువ్వు చెప్పిన చోట కూర్చుంటా."

అతను చెప్పిన చోటు ప్యాకింగు షెడ్డు. అక్కడ కుండీలకు గడ్డి చుట్టాలి. నెగ్గితే ఆవమూ ఉంటుంది, ఆమె పీటా ఉంటుంది. భర్త తొంభై కుండీలు చేశాడు, ఒక్కో బట్టీకి ముప్పై.

కరెంటు బట్టీని బొమ్మల కాలేజీ వాళ్ళు అరువిచ్చారు. తెల్లగా, బీరువాలా ఉంది. దాని మీద అంకెలు వెలుగుతుంటాయి. దాని నోరు కుండీ కన్నా రెండంగుళాలు ఇరుకు. కుండీని వంచి చూశారు, తిప్పి చూశారు. "కుండీ ఊపిరి బిగబడితే పడుతుందేమో," అన్నాడు భర్త. పట్టలేదు. ఆ బట్టీలో ఒక్క కుండీ కూడా పాడవలేదు. దాన్ని మర్యాదగా వెనక్కి పంపారు.

గ్యాస్ బట్టీతో పాటు దాని కంపెనీ ఇంజనీరు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు గాని గడ్డం గీసుకోలేదు.

"మీట నొక్కితే చాలమ్మా. దీనికి మనిషి అక్కర్లేదు."

"మరి నువ్వెందుకొచ్చావు నాయనా?"

"అది చెప్పడానికే."

పరీక్ష రోజు ఆరింటికి ఆమె ఆవం ముట్టించింది. ఏడింటికి మంచినీళ్ళకని కుళాయి వైపు వెళ్ళింది. దారిలో ఇంజనీరు వంతు ముప్పై కుండీలు గ్యాస్ బట్టీలోకి ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. బట్టీకి దగ్గరగా ఉంటాయని నాలుగు రోజులుగా వాటిని అతను గోడ వెనక నీడలో పెట్టించాడు. ఆమెవి ఎండలో ఆరాయి. ఆమె వంగి ఒక కుండీ అంచుకు చెంప ఆనించింది. కావాలని చేసింది కాదు. కొందరు పసిపిల్ల కనిపిస్తే బుగ్గ గిల్లుతారు, ఇదీ అంతే.

చల్లగా తగిలింది. పచ్చి మట్టి పూర్తిగా ఆరితే చెంపకు గోరువెచ్చగా ఉంటుంది. లోపల తడి దాగి ఉంటే చల్లగా ఉంటుంది. అది కంటికి తెలియదు, వేలికి తెలియదు. మంట పెరగగానే ఆ తడి ఆవిరై కుండీని పేల్చేస్తుంది. పేలిన కుండీ తనతో పాటు పక్కనున్న నాలుగింటినీ తీసుకుపోతుంది.

నీళ్ళు తాగి వచ్చి పీట మీద కూర్చుంది.

"వాటికి తడి ఆరలేదు," అంది భర్తతో.

"ఎవరివి?"

"ఆ అబ్బాయివి."

"మంచిదేగా. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. కూర్చో."

"కూర్చునే ఉన్నాగా."

"కూర్చున్నావులే, కాళ్ళు అటు పెట్టి."

ఆమె కాళ్ళు ఇటు తిప్పుకుంది. కాసేపు కట్టెలు సర్దింది.

"అవి నువ్వు చేసినవే కదయ్యా."

"మళ్ళీ చేస్తాను. నీ ఆవాన్ని మళ్ళీ ఎవరు కడతారు?"

ఆమె చేతిలోని కట్టె కింద పెట్టింది. లేచి ఇంజనీరు దగ్గరికి వెళ్ళి తడి సంగతి చెప్పింది.

"బట్టీ మీటరు అంతా బాగుందంటోందమ్మా," అన్నాడు ఇంజనీరు.

"మీటరుకి చెంపలున్నాయా?"

అతను నవ్వి, తానూ ఒక కుండీకి చెంప ఆనించాడు. "నాకేం తెలియట్లేదే."

"గడ్డం గీసుకొని రా, తెలుస్తుంది."

అతను ఇంకోసారి నవ్వబోయి ఆగాడు. ఇది అతను అమ్మబోయే మొదటి బట్టీ. "అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాడు మెల్లగా.

"తలుపు నాలుగు వేళ్ళ సందు వదులు. మంట దీపం వత్తిలా ఉంచు. మధ్యాహ్నం దాటేదాకా దాని జోలికి పోకు."

పోకు అని చెప్పి తానే పోయింది. గంటకోసారి వెళ్ళి సందు దగ్గర చెయ్యి పెట్టి ఆవిరి చూసింది. మీట తిప్పడం పది నిమిషాల్లో వచ్చేసింది. "వంటింటి పొయ్యికి మీసాలొచ్చాయి, అంతే," అంది. మూడింటికి ఆవిరి ఆగింది. తలుపు వేయించి, మంటను మెట్టు మెట్టుగా పెంచుతూ నిలబడింది.

ఆవానికి నాలుగు నోళ్ళలోనూ సమంగా పెద్ద మంట పెట్టాల్సిన వేళ కూడా అదే. ఆవాన్ని చూసుకుంటున్న భర్త, నీడ పడే వైపున్న పొయ్యి నోట్లో మాత్రం కట్టెలు కుక్కాడు. తరువాత నిద్రపోయాడు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఆవం ఒక పక్క తెల్లగా మండుతోంది, ఇంకో పక్క బొగ్గులా ఉంది.

రెండు రోజులు చల్లార్చి తెరిచారు. ఆవంలో ఇరవై ఒకటి దక్కాయి. గ్యాస్ బట్టీలో ముప్పైకి ముప్పై, ఒకే రంగు.

"చూశావా అత్తా! మనిషనేవాడు లేకుండా!" అన్నాడు మేనల్లుడు.

ఇంజనీరు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "అమ్మగారు కొంచెం సాయం చేశారు సార్."

"మా అత్త అంతేనండీ. ఎవరొచ్చినా మంచినీళ్ళిస్తుంది."

ఆమె దక్కిన కుండీల మీది బూడిద తుడిచింది. జరిగింది చెప్పాలంటే, ఎదుటివాడి బట్టీని గెలిపించి తన ఆవాన్ని ఓడించుకున్నానని చెప్పుకోవాలి. ఎటు తిప్పి చెప్పినా అది తెలివైన పనిలా వినిపించేట్టు లేదు.

"అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందట," అన్నాడు భర్త. కమ్మగా నిద్రపోయిన మనిషికి సామెతలు బాగా గుర్తొస్తాయి.

గ్యాస్ బట్టీ కొన్నారు. దాని దగ్గర మేనల్లుడి బావమరిదిని పెట్టారు. అతని అర్హత, ఇంట్లో అందరి ఫోన్లూ బాగుచేయడం. ఆమె ప్యాకింగు షెడ్డుకు వెళ్ళి కుండీలకు గడ్డి చుట్టింది. గడ్డి కూడా బాగానే చుట్టింది. ఆమె చేతిలో ఏ పనీ చెడదు, అదే గొడవ.

పది రోజులకు ఆవం పడగొట్టడానికి ఇద్దరు కూలీలు వచ్చారు. గునపాలు తీసి పొయ్యి నోటి దగ్గర గోడను పొడవడం మొదలుపెట్టారు. ఆమె గడ్డి చుడుతూనే ఉంది. మూడో పోటు వినబడేదాకా చుట్టింది. తరువాత కొంగు దోపుకొని వెళ్ళింది.

"కింద నుంచి పొడుస్తారేంట్రా! గోడ మీదికొస్తే చస్తారు. పైనుంచి తియ్యాలి. ఒక్కో వరస. ముప్పై ఏళ్ళు కాలిన ఇటుకలు, పగలగొడితే మళ్ళీ దొరుకుతాయా?"

"మాకు పడగొట్టమనే చెప్పారండీ."

"పడగొట్టడానికీ ఒక పద్ధతుంది. ఆ నిచ్చెన ఇలా పెట్టు."

ఆమె పైకెక్కి అంచున మిగిలిన పెంకులు తోసేసింది. పొడి మట్టి గీకి, మొదటి వరస ఇటుకలు పళ్ళూడదీసినట్టు ఒక్కొక్కటే తీసి కిందికి అందించింది. రెండో వరస అయింది. మూడో వరస సగంలో ఉండగా గ్యాస్ షెడ్డులో ఠప్‌మని చప్పుడైంది. కాసేపటికి ఇంకోటి. మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. కూలీలు ఆమె వైపు చూశారు. ఆమె తరువాతి ఇటుక కదిపి చూసింది.

మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా! లోపల పేలుతున్నాయి! మా బావమరిదేమో మీట నొక్కుతూనే ఉన్నాడు!"

"నొక్కడం ఆపమను. గ్యాస్ కట్టేసి, తలుపు ముట్టుకోవద్దను."

అతను షెడ్డు వైపు తిరిగి అదే మాట గట్టిగా అరిచాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"నువ్వు రా అత్తా. వెంటనే రా."

"వస్తా. ఈ వరస కానీ. సగంలో వదిలితే గోడ ఒరుగుతుంది."

"ఇంకా ఎన్నున్నాయి?"

ఆమె ఇంకో ఇటుక ఊడదీసింది. వంగి అతని వైపు అందించింది. మేనల్లుడు చుట్టూ చూసి, ఫోను జేబులో వేసుకుని, రెండు చేతులూ చాచాడు.