వాగు ఇసుకలో హైడ్రోజన్

కరీంనగర్ కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా ఉన్న రోజుల్లో నాకొక పిచ్చి పట్టింది. హైడ్రోజన్‌ను చవకైన ఘనపదార్థంలో దాచి, కావలసినప్పుడు తిరిగి తీసుకోవచ్చా అని. ధర్మపురి వైపు వాగుల్లో నల్ల ఇసుక ఉంటుంది. వెనకట కమ్మరులు దాన్ని కరిగించి ఇనుము తీసేవారట. ఆ ఇసుకను గాజు గొట్టంలో పోసి, కింద బొగ్గుల కుంపటి పెట్టి వేడిచేసి హైడ్రోజన్ పంపితే ఇనుమవుతుంది. ఆ ఇనుము మీదికి నీటి ఆవిరి వదిలితే హైడ్రోజన్ మళ్లీ బయటికొస్తుంది. పుస్తకాల్లో ఉన్నదే. మన ఇసుక ఎన్నిసార్లు అలా ఇవ్వగలదో చూడాలని నా తాపత్రయం.

ల్యాబ్ అటెండరు నాకు తోడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. చాచా అని పిలిచేవాణ్ణి. గాలి కలిస్తే హైడ్రోజన్ వేడికి పేలుతుంది. గొట్టంలో గాలి మిగిలిందేమో చూసే పని ఆయనదే. గ్యాసును చిన్న నాళికలో పట్టి వెలిగించేవాడు. టప్పుమంటే గాలి ఉన్నట్టే. నెమ్మదిగా మండితేనే కుంపటిని గొట్టం దగ్గరికి తేనిచ్చేవాడు.

నాలుగుసార్లు ఇసుక హైడ్రోజన్‌ను బాగానే ఇచ్చింది. తర్వాత గడ్డకట్టి గ్యాసు తగ్గిపోసాగింది. హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసరు చూడవస్తున్నారన్న ఉదయం కొత్త ఇసుక నింపాను.

“జర ఆగుండ్రి సార్, ఇంక టప్పుమంటున్నది. గాలి పోలే.”

“ఆయన గేటుదాకా వచ్చిండు చాచా, ఏం కాదు,” అని కుంపటిని నేనే గొట్టం కిందికి నెట్టాను.

దాన్ని వెనక్కి లాగబోయి ఆయన వంగాడు. గొట్టం పేలింది. చాచా ఎడమ కన్ను పోయింది.

ఆసుపత్రిలో ప్రిన్సిపాల్ అడిగినప్పుడు, నేను నోరు తెరిచేలోగా చాచా అన్నాడు: “నేనే తొందరపడ్డ సార్. గీ సార్ వద్దనే అన్నడు.”

ఆయన్ని ల్యాబు నుంచి తీసి గంట కొట్టే పనికి వేశారు.

వారం తర్వాత చాచా ఇంటికెళ్లి, నిజం చెప్పేస్తానన్నాను. ఆయన భార్య చాయ్ ఇచ్చి, నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

“చెప్తే కన్ను అస్తదా? నీ నౌకరీ పోతది. ఫికర్ చెయ్యకు,” అన్నాడు. మొదటిసారి నన్ను సార్ అనలేదు.

ఆ మాటను ఆసరా చేసుకుని ఊరుకున్నాను. ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యాక నిద్ర పట్టక అంతా ఉత్తరంలో రాసి ప్రిన్సిపాల్‌కు పంపాను. అది పాత విషయమనీ, తిరగదోడనవసరం లేదనీ జవాబు వచ్చింది. చాచా గంట కొడుతూనే రిటైరయ్యాడు.