చీమ సరిగ్గానే నడిచింది

మాస్టారు పోయారు. సోమవారం పొద్దున నేను ఆఫీసు క్యాబ్ కోసం కిందకి దిగుతుంటే వాళ్ళావిడ, మా ఆంటీ, తలుపు తీసి, "అమ్మాయ్, ఒకసారి లోపలికి రా. ఎంత లేపినా లేవడం లేదు" అన్నారు. ఆ గొంతు వినగానే నాకు అర్థమైపోయింది. క్యాబ్ వాడు కింద హారన్ కొడుతూనే ఉన్నాడు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఢిల్లీ ద్వారకలో మా ఎదురు ఫ్లాటు. ఇక్కడే కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. జంతువులకి ఏది ఎలా గుర్తుంటుందన్నదే ఆయన పిచ్చి. ఆంటీ చీమల చాక్‌పీసు గీస్తే ఆయన తడిగుడ్డతో తుడిచేసేవారు. బిస్కెట్ తింటే చివరి ముక్క నలిపి నేలమీద వెయ్యాల్సిందే. "మీరు పెంచండి, నేను ఊడుస్తా. బాగుంది సంసారం" అని ఆంటీ సణిగేవారు.

మా గేటు దగ్గరి కుక్క కర్ర పట్టుకున్న ప్రతివాడినీ చూసి మొరిగేది. వాచ్‌మన్ దాన్ని తరిమేస్తానంటే మాస్టారు అడ్డుపడ్డారు. "దాన్ని ఎవడో ఎప్పుడో కొట్టాడు. కొట్టినవాడి మొహం మరిచిపోయింది, కర్ర మాత్రం మరవలేదు. మనమూ అంతే కదటయ్యా, ఎందుకు తిట్టారో గుర్తుండదు, తిట్టు గుర్తుంటుంది" అన్నారు. వాచ్‌మన్‌కి తెలుగు ముక్క రాదు. అయినా కర్ర పక్కన పెట్టేశాడు.

ఒకసారి మా అమ్మాయికి బాల్కనీలో ఎడారి చీమ కథ చెప్పారు. మన ఇంటి చీమలు వాసన పట్టుకుని పోతాయి. ఎడారి ఎండకి వాసన నిలవదు కాబట్టి అక్కడి చీమ ఎంత దూరం నడిచిందో, ఎటు తిరిగిందో ఒంట్లోనే గుర్తు పెట్టుకుంటుంది. "దాన్ని ఎత్తి ఇంకోచోట వదిలామనుకో, అదే దూరం, అదే దిక్కు నడుస్తుంది. అక్కడ ఇల్లుండదు. అయినా పోదు. ఇక్కడే ఉండాలే అని అక్కడక్కడే తిరుగుతుంది" అన్నారు. మా అమ్మాయి "అంకుల్, బేచారీ! పాపం కదా!" అంది. "బేచారీ ఏమిటే, అది సరిగ్గానే నడిచింది. ఎత్తి పడేసింది మనం" అని కోప్పడ్డారు.

తర్వాత ఆయనకే మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, ఆ తర్వాత వారాలు. అయినా మధ్యాహ్నం భోజనమయ్యాక మెట్రో ఎక్కి రెండు స్టేషన్ల అవతల ఫిల్టర్ కాఫీ తాగి రావడం మానలేదు. "తల మరిచిపోయినా కాళ్ళు మరిచిపోవే" అనేవారు. కాళ్ళని నమ్మే ఆంటీ పంపేవారు.

పోయిన జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఆంటీ ఆయన ఫోను చేతిలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ఫోను ఛార్జింగ్‌లోనే వదిలేసి వెళ్ళారట. నాలుగింటికల్లా రావాల్సిన మనిషి ఇంకా రాలేదు. ఒంటిమీద పల్చటి స్వెట్టరు. షుగరు మనిషి. బయట అప్పుడే పొగమంచు దిగుతోంది, ఎదురు టవర్ కూడా సరిగా కనపడటం లేదు.

సొసైటీ గ్రూపులో ఫొటో పెట్టాను. సాయం ఒక్కరూ రాలేదు గానీ దండం బొమ్మలు మాత్రం బోలెడు వచ్చాయి. ఒంటరిగా ఎందుకు పంపారని ఒకాయన క్లాసు పీకాడు. ఒళ్ళు మండిపోయింది. ఆంటీ పోలీసులకి ఫోన్ చేస్తుంటే నేను పార్కు, మెడికల్ షాపు, పాల బూత్, అన్నీ తిరిగాను. ఎక్కడా లేరు. ఆయన వయసు మనిషి ఎవరు దూరంగా కనపడినా పరిగెత్తడం, దగ్గరికెళితే ఇంకెవరో.

ఆఖరికి మెట్రో స్టేషన్‌కి వెళ్ళాను. మేము రోజూ వచ్చే గేటుకి షటర్ దించేసి ఉంది.

"భయ్యా, యే గేట్ కబ్ సే బంద్ హై?"

"ఆజ్ దోపహర్ సే, మేడమ్. రిపేర్ చల్ రహా హై. ఉధర్ సే జాయియే."

మధ్యాహ్నం నుంచీ రిపేరని చెప్పి గార్డు రోడ్డు అవతలి గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆయన్ని ఎవరో ఎత్తి ఇంకోచోట వదిలారు!

అవతలి గేటులోంచి బయటికొచ్చి, మా గేటు దగ్గర ఎలా తిరుగుతామో అలాగే తిరిగాను. కుడికి. మెడికల్ షాపు ఉండాల్సిన చోట సెలూన్ ఉంది. ఆగలేదు. పార్కు మూల దగ్గర ఎడమకి. నిజంగానే అక్కడా ఒక పార్కు. ద్వారకలో ఏ సెక్టారు చూసినా ఒకటే అచ్చు కదా. రెండో గేటు, గులాబీ రంగు గోడలు, లిఫ్టు, నాలుగో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

మాస్టారు అక్కడున్నారు. ఎడమవైపు తలుపు ముందు నిలబడి తాళంచెవి తిప్పుతున్నారు.

"వచ్చావా అమ్మాయ్! మీ ఆంటీ నిద్రపోయినట్టుంది, బెల్ కొడితే పలకదు. తాళం కూడా పట్టడం లేదు."

"మాస్టారూ, ఇది మనిల్లు కాదండీ."

ఆయన మొహం పాలిపోయింది. తలుపు వంక చూశారు, తాళంచెవి వంక చూశారు. అంత భయం ఆ కళ్ళలో నేను ఎప్పుడూ చూడలేదు. "మరి కాళ్ళు ఇక్కడికే తెచ్చాయే..."

"మెట్రో గేటు మూసేశారండీ. మిమ్మల్ని అవతలి గేటులోంచి పంపించారు."

నెమ్మదిగా మొహంలోకి వెలుగొచ్చింది. "అయితే చీమ సరిగ్గానే నడిచిందన్నమాట!" అని పకపకా నవ్వారు. నేను అక్కడే మెట్లమీద కూలబడి ఏడ్చేశాను.

అంతలో ఆ ఇంటావిడ కూరగాయల సంచీతో లిఫ్టు దిగింది. సంగతి విని, "హాయ్ రామ్! బైఠియే అంకుల్‌జీ, పెహలే చాయ్ పీజియే" అంది. ముందు కూర్చుని టీ తాగమని ఎంత పిలిచినా మాస్టారు లోపలికి రాలేదు. "నా తాళం పట్టని ఇంట్లోకి నేనెలా వస్తానమ్మా?" అన్నారు. ఆవిడ కుర్చీ తెచ్చి బయటే వేసింది. ఆంటీకి ఫోన్ చేసి దొరికారని చెప్పాను.

ఆ తర్వాత మాస్టారిని ఒంటరిగా పంపలేదు. కానీ ఆ తలుపు మాత్రం ఆయన మరిచిపోలేదు. నా పేరు పోయింది, మా అమ్మాయి పేరు పోయింది, ఒక్కోరోజు ఆంటీనే "మీరెవరండీ" అని అడిగేవారు. ఏ వారమో చెప్పలేకపోయినా, శనివారం వస్తే మాత్రం అక్కడికి వెళ్దామని చెప్పులేసుకుని నిలబడేవారు. ఆంటీ వెంట వెళ్ళేవారు. ఆ ఇంటి దీదీ కుర్చీ తియ్యకుండా తలుపు పక్కనే ఉంచేసింది. టీ, రెండు బిస్కెట్లు, కాసేపు కూర్చోవడం, తిరిగి రావడం. మొన్న శనివారం కూడా వెళ్ళొచ్చారు.

నిన్న ఆ దీదీకి చెప్పడానికి వెళ్ళాను. తలుపు తీసి, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. చెప్పాను. చున్నీ అంచుతో కుర్చీ తుడిచి, లోపలికి తీసుకెళ్ళబోయి, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

కుర్చీ కింద నేలమీద చీమలున్నాయి. గోడ వారనే బారుగా వచ్చి, ఆయన బిస్కెట్ నలిపి వేసే చోట ఆగుతున్నాయి. అక్కడ ఏమీ లేదు. అయినా వెళ్ళడం లేదు, అక్కడక్కడే తిరుగుతున్నాయి.