మేక్‌ఫైల్లో కనబడని తప్పు

కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే కాలం అది. కడపలో మా కాలేజీ మొత్తానికి ఆరు టెర్మినళ్లు. మా వంతు వారానికి ఒక్క గంట. మిగతా రోజులన్నీ నేను కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగేవాణ్ణి. సీ భాష అప్పుడే మొదలుపెట్టాం. కంప్యూటరు పొట్టలోకి చెయ్యి పెట్టి పని చేయించే భాష ఇదని మా సారు చెప్పారు (పెట్టిన చెయ్యి తీయడం ఎలాగో చెప్పలేదు). నెలాఖరు శనివారం, బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు మా ప్రోగ్రాము నడవాలి. నడవకపోతే బద్వేలులో మా చిన్నాయన ఎరువుల అంగడి నాకోసం తలుపులు తెరుచుకుని ఉంది.

ప్రోగ్రామును మూడు ఫైళ్లుగా రాశాం. వాటిని కలిపి కట్టే పని ‘మేక్’ అనే పనిముట్టుది. దేన్ని దేనితో కలపాలో దానికొక చిట్టీ (దాని పేరే మేక్‌ఫైలు) రాసివ్వాలి. రాసిచ్చాను. అది చదివి “మిస్సింగ్ సెపరేటర్. స్టాప్” అంది. విడదీసే గుర్తేదో లేదట! కామా పెట్టాను. గీత పెట్టాను. వరసల మధ్య జానెడు ఖాళీ వదిలాను. మూడు వారాలూ అదే మాట. నాతో కలిసి పనిచేసే బక్కోడు (మేం పెట్టిన పేరే) చాలాసేపు గడ్డం గోక్కుని, “సెపరేటరంటే మన ఇద్దర్నీ విడిపొమ్మంటాందేమో. నువ్వు కొంచేపు బయటికి పోప్పా” అన్నాడు. (నిజంగానే వెళ్లి, ఎండలో రెండు చుట్లు తిరిగి వచ్చాను.)

పరీక్షకు ముందురోజు, మా ఆఖరి గంటలో పది నిమిషాలు మిగిలాయి. ఆ గదిని చూసుకునే ఆపరేటరక్క అంతకుముందు టైపు నేర్పేది. ప్రోగ్రాముల సంగతి ఆమెకేం తెలుసని నా ధీమా. ఆమె నా వెనక నిలబడి, “ఏమప్పా, ఆ స్పేసుబారును ఎనిమిదిసార్లు కొడ్తాండావు, అది నీకేమన్నా పగోడా?” అంది.

“పుస్తకంలో ఆడ ఖాళీ ఉండాదక్కా.”

“ఖాళీ అయితే ట్యాబు కొట్టల్ల. మా టైపులో ఇట్ల లెక్కబెట్టి కొడితే వేళ్ల మీద స్కేలు పడ్తాండె. జరుగు.”

ఎనిమిది ఖాళీలూ చెరిపి, ఒక్క దెబ్బకు అంత దూరమూ జరిపే ట్యాబు మీట ఒక్కసారి కొట్టింది. మేక్ ఈసారి అలగకుండా మూడు ఫైళ్లనూ కలిపేసింది. ఆ చోట దానికి ట్యాబే కావాలట. మన కంటికి రెండూ ఒకటే. నా అరుపుకి బక్కోడు కుర్చీలోంచి జారాడు.

శనివారం ప్రోగ్రాము నడిచింది. పరీక్షకుడు చిట్టీ చూసి, “ఇక్కడ అందరూ బోల్తా పడతారే, నీకెలా తెలిసింది?” అన్నాడు.

“లోతుగా పరిశీలించాను సార్” అన్నాను.

అక్క నా వెనకే ఉంది. దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుందని బక్కోడు తర్వాత చెప్పాడు. సెలవుల తర్వాత చూస్తే ఆమె లేదు, వేరే ఉద్యోగమొచ్చి కర్నూలు వెళ్లిపోయిందన్నారు. పేరైనా అడగలేదు. నా బతుకంతా ప్రోగ్రాములతోనే గడిచింది. ఇప్పటికీ ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక్కసారి వెనక్కి తిరగరా నాయనా, అని వాడికి చెప్పాలనిపిస్తుంది.