మధ్యమం దగ్గర ఆగిన దశరథ

కోదాడలో సన్నాయి దశరథ అంటే ముందు ఆయన మొండితనం గుర్తొస్తుంది, తర్వాతే వాయిద్యం. కూతురు దేవికకు పద్ధతిగా నేర్పాలనుకున్నాడు. పద్ధతంటే మేళకర్తలు, డెబ్బై రెండు మూల రాగాలు. మిగతా రాగాలన్నీ పుట్టేది ఈ డెబ్బై రెండింటి నుంచే. మొదటి సగంలో మధ్యమం, అంటే గ తర్వాతి మ, కింద ఉంటుంది, రెండో సగంలో పైకి జరుగుతుంది. మిగతా స్వరాలు మళ్లీ అవే. శంకరాభరణంలో ఆ ఒక్క మధ్యమాన్ని పైకెత్తితే కల్యాణి. ఎవరైనా కల్యాణిని తొందరగానే చెప్పేస్తారు. దశరథ చెప్పలేదు.

"ఒక్క స్వరమే గద నాయినా, చెప్పరాదు!"

"ముందుగాల మొదటి సగం ఖతం గానీ. నడుమ దుంకుడు లేదు."

"మీ నాయిన ఇడ్లీ గూడ అంచుల నుంచే తింటడు బిడ్డా" అని డోలు అచ్చయ్య నవ్వేవాడు.

మొదటి సగం ఇంకొంచెం మిగిలి ఉండగా సూర్యాపేటలో ఒక ధాన్యం వ్యాపారి ఇంట పెళ్లి వచ్చింది. దేవికను మొదటిసారి మేళంలో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల శంకరాభరణం ఎత్తుకుంది. బాగా ఊదుతోంది కూడా. పెళ్లివారి ముసలావిడ వచ్చి నిలబడింది.

"ఏంది దశరథా, ఆడపిల్లతోని ఊదిపిస్తున్నవ్? మగోళ్లు దొరకలేదా?"

దశరథ బిడ్డ చేతిలోని సన్నాయి గుంజుకుని, ఆ పిల్ల ఆగిన చోటి నుంచే తాను ఊదాడు. రాగం తెగకుండా అందుకున్నానని కొన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

దేవిక మళ్లీ సన్నాయి ముట్టలేదు. మిర్యాలగూడలో బ్యూటీపార్లర్ పెట్టుకుంది. ఇప్పుడూ పెళ్లిళ్లకు పోతుంది, మేకప్ పెట్టె పట్టుకుని.

షుగర్ వచ్చి దశరథకు ముందు పళ్లు ఊడిపోయాయి. కట్టుడు పళ్లతో సన్నాయి పీక పెదాల మధ్య నిలవదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, మిగిలిపోయిన సగం. ఆయన పక్కింట్లో ఉండే నేను కాలేజీ మానేసి ఖాళీగానే ఉన్నాను కాబట్టి నా బండి మీదే మిర్యాలగూడ వెళ్లాం. సన్నాయిని పాత తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

దేవిక ఎవరికో కనుబొమ్మలు తీస్తోంది.

"కల్యాణి చెప్త బిడ్డా" అన్నాడు దశరథ.

"పండ్లు లేకుంట ఎట్ల ఊదుతవు?"

"పాడి చూపెడత."

పాడాడు. స్వరంకన్నా గాలే ఎక్కువ వచ్చింది. దేవిక దారం నోట్లోంచి తీసి, తల తిప్పకుండానే అంది, "మధ్యమం ఎక్కలే నాయినా. ఇంకా శంకరాభరణంలనే ఉన్నవ్."

దశరథ బిత్తరపోయాడు. "నీకెట్ల తెలుసు?"

"నువ్వు మేళం పోయినప్పుడు ఇంట్ల పాత సన్నాయి మీద నేర్చుకున్న. ఆ పెండ్లిల శంకరాభరణం కాంగనే కల్యాణి ఎత్తుదామనుకున్న. నువ్వు పరేషానైతవని నవ్వుకుంట కూసున్న. గంతలనే గుంజుకుంటివి."

ఆయన తువ్వాలు విప్పి సన్నాయి ముందుకు చాపాడు. "ఒక్కసారి ఊదు తల్లీ. ఇంటా."

దేవిక దాని వంక చూసింది. ఎంతోసేపు కాదు.

"ఇప్పుడు ఊదితే ఇద్దరం ఏడుస్తం. పెండ్లిపిల్ల వచ్చే టైమైంది. పో నాయినా, ఎండెక్కకముందే ఇల్లు చేరుర్రి."

తిరుగు దారిలో నా వెనక నుంచి సన్నగా వినబడింది, "స... రి... గ..." తర్వాతి స్వరం రాలేదు. గాలికి వినబడలేదేమోనని బండి ఆపాను.

ఆయన నిజంగానే ఆపేశాడు.