అడవిదున్న కోసం కొన్న రైఫిల్

కరోనా తగ్గాక మా యజమానికి ఆఫ్రికా వెళ్లి అడవిదున్నను వేటాడాలన్న కోరిక మళ్లీ పుట్టింది. ఆయన్ని ఇంట్లో పనివాళ్లందరం అర్బాబ్, అంటే దొర, అనేవాళ్లం. రాస్ అల్ ఖైమాలో ఆయనకు నేను డ్రైవర్ని. వయసు డెబ్బై దాటింది, కుడి భుజానికి ఆపరేషన్ అయింది. అయినా జంట గొట్టాల రైఫిలే కావాలన్నాడు. దున్న మీదికి దూకితే, మొదటి గుండు తప్పినా రెండోది వెంటనే పేల్చొచ్చని ఆయన వాదన.

దానికోసం వారం వారం అబుదాబిలోని తుపాకుల దుకాణానికి వెళ్లాం, రానూ పోనూ ఐదు గంటలు. తిరిగి ఇల్లు చేరేసరికి నా నడుము నాది కాదు. అక్కడ అమ్మేవాడు నెల్లూరాయన. అర్బాబ్‌తో అరబ్బీలో, నాతో తెలుగులో మాట్లాడేవాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి తేలిక, ఒకటి బరువు. అర్బాబ్ ఒక్కోదాన్నీ భుజానికెత్తడం, గోడకు గురిపెట్టడం, దించడం, మళ్లీ ఎత్తడం. నేను కుర్చీ వెతుక్కుని కూలబడ్డాను.

"అంత తేడా ఏముందన్నా వాటిల్లో?" అని నెల్లూరాయన్ని అడిగాను.

"తేలికది మొయ్యడం సులువే గానీ, పేలిస్తే గుర్రం తన్నినట్టు తంతాదన్నా. బరువుదైతే ఆ దెబ్బ సగం రైఫిలే తింటాది. కానీ ఎత్తి పట్టుకోవాల గదా? ఈయనకి అంత సత్తువుందంటావా?"

"ఆ మాట ఆయనతోనే అను."

అన్నాడు. అర్బాబ్ మొహం ముడుచుకుంది. భుజానికి దెబ్బ తగలకూడదని డాక్టర్ చెప్పాడు కాబట్టి బరువుదే తీసుకుంటానన్నాడు.

"ఖలాస్. యల్లా, పద ఇంటికి."

తర్వాత లైసెన్సుకూ, రైఫిల్ వెంట తీసుకెళ్లే అనుమతులకూ ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఆయన విమానం ఎక్కిన మర్నాడు నేను పొద్దెక్కేదాకా లేవలేదు.

తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి కారులో ఇంటికి బయల్దేరాం. షార్జా దాటాక అర్బాబ్ మెల్లగా హిందీలో చెప్పాడు. "దున్న దగ్గరికే వచ్చింది. నావైపే చూస్తూ నిలబడింది. రైఫిల్ ఎత్తాను. బరువుకి గొట్టాలు కిందికి వాలిపోయాయి. నాకు తోడొచ్చిన అక్కడి వేటగాడు కొట్టు, కొట్టు అంటున్నాడు. దించేశాను."

"మంచిదే అయింది అర్బాబ్. గాయపడిన దున్న మీదికొస్తే?"

"అదేం కాదు. అలిసిపోయాను."

నేనూ అంతే అనుకున్నాను మనసులో. అద్దంలో చూస్తే ఆయన తల పక్కకి వాలిపోయింది. ఏసీ తగ్గించి నెమ్మదిగా పోనిచ్చాను. ఇల్లు చేరాక లేపి, చెయ్యి పట్టుకుని దింపాను. రైఫిల్ పెట్టెను ఆయన పెద్దకొడుకు వచ్చి తన ఇంటికి పట్టుకెళ్లాడు. ఆ తర్వాత అర్బాబ్ నోట వేట మాట రాలేదు.