ఉడికిన ఆలుగడ్డ

కుక్కర్ మూత తీయగానే వచ్చే ఉడికిన ఆలుగడ్డల వాసనకు ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు మాత్రం సిగ్గేస్తుంది. డెబ్బైల చివర, వరంగల్లో ఇంటర్ చదివేటప్పుడు, కణపొర ప్రయోగంలో నేను చేసిన పని అటువంటిది. పొరల పాఠంలో జరిగింది కాబట్టి పొరపాటు అనుకోవచ్చు గానీ, నిజానికది బాగా ఆలోచించి చేసిన మూర్ఖత్వం.

మాకు వృక్షశాస్త్రం చెప్పిన ఖాదర్ సార్ రోజూ హసన్‌పర్తి నుంచి సైకిల్ మీద వచ్చేవారు. ఆ ప్రయోగానికి ఎవరి ఆలుగడ్డ వాళ్లే తెచ్చుకోవాలి. తొక్క తీసి, మధ్యలో గుంత తొలిచి, చక్కెర నీళ్లు పోసి, మట్టం దగ్గర గుండుసూది గుచ్చి, నీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. కణపొరలు బయటి నీళ్లను లోపలికి రానిస్తాయి, చక్కెరను బయటికి పోనివ్వవు. దాంతో గుంతలో మట్టం పెరిగి సూది మునుగుతుంది. మొదటి వారం నా గడ్డ మూడుసార్లు పగిలింది, బొటనవేలు తెగింది. రెండో వారం తెలివి ఉపయోగించాను. అమ్మ చేత ఉడకబెట్టించి తీసుకెళ్లాను. చెంచా వెన్నలో దిగినట్టు దిగింది. నా గుంతంత నున్నటి గుంత క్లాసులో మరొకటి లేదు.

గంటలో అందరి సూదులూ మునిగాయి. నా విషయంలో మునిగింది నేనే. బాపుకు ధాన్యం దుకాణం. "ఈసారి గూడ రికార్డు మీద సంతకం కాకుంటే చదువు చాలు బిడ్డా, వచ్చి దుకాణంల కూసో" అని పొద్దున్నే తేల్చేశాడు. పక్కనున్న వేణు నా మొహం చూసి, "నాది జూసి రాసుకో రా, ఎవలకెరుక?" అన్నాడు. కలం ఎత్తాను. ఎదురుగా సూది కదలకుండా నన్నే చూస్తోంది. "మట్టం పెరగలేదు" అని రాశాను.

ఖాదర్ సార్ వచ్చి నా గడ్డను నొక్కారు. వేలు లోపలికి పోయింది.

"ఉడకవెట్టినవా?"

"జర మెత్తగుంటదని సార్..."

"మరి ఉప్పూ కారం గూడ తేవద్దా!"

క్లాసంతా నవ్వింది. ఆయన రికార్డు చదివి నవ్వు ఆపారు. "వేణుది జూసి రాయలేదేంది?"

"పెరగలేదు గద సార్."

సంతకం చేశారు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పొరంటే గోడ గాదు బిడ్డా. రెండు వరుసల కొవ్వు అణువులు. తలలు నీళ్ల దిక్కు, తోకలు నీళ్లంటే గిట్టక లోపటి దిక్కు. నడుమ ప్రొటీన్లు పులుసుల ముక్కల లెక్క కదులుతుంటయి. కొన్ని దర్వాజలు, కొన్ని హమాలీలు. మీ దుకాణంల జూస్తవు గద, లారీ మీదికెళ్లి బస్తా కిందికి జారాలంటే పలక చాలు. మీదికెక్కాలంటే హమాలీ గావాలె, ఆయన అన్నం తిని ఉండాలె. కణం గూడ గంతే. తక్కువున్న దిక్కుకు ఊకెనే పోతది, ఎక్కువున్న దిక్కుకు మోయాలంటే శక్తి ఖర్చయితది. నువ్వు ఉడకవెట్టంగనే అందరు ఖతం. చక్కెర బయటికి పోతాంటె ఆపెటోడు లేడు. బతికున్న పొర ఏం జేస్తదో అందరు జూపిండ్రు. చచ్చిన పొర ఏం జెయ్యదో నువ్వొక్కనివే జూపినవ్. అది గూడ రాయి."

ఆ రాత్రే బాపుకు సంతకం చూపించాను. దుకాణం తాళాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఇప్పటికీ ఏ విద్యార్థి వింత ఫలితం తెచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: చూసిందే రాశావా?

అయితే సార్ నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. ఏటా కొత్త పిల్లలకు "ఒక మహానుభావుడు ఉండె..." అని మొదలుపెట్టేవారు. నేను అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరాక, "అగో, ఆయనే" అని వేలు చూపించడం కూడా కలిసింది.

ఎనభైల చివర ఆయన రిటైరయ్యారు. చివరి ప్రాక్టికల్ క్లాసుకు ఆలుగడ్డలు తెచ్చే పని నాది. ఒకదాన్ని ఇంట్లో కాసేపు మరిగే నీళ్లలో ఉంచి, చల్లార్చి, గుంత కూడా నేనే తొలిచి, ఆయన బల్ల మీద పెట్టాను. పిల్లల సూదులన్నీ మునిగాయి, సార్ గుచ్చిన సూది మాత్రం మునగలేదు. సార్ అద్దాలు తుడుచుకుని వంగి చూశారు, మళ్లీ తుడుచుకున్నారు. చివరికి గడ్డను నొక్కి, మెల్లగా నా వైపు తిరిగారు.

"బద్లా తీసుకున్నవ్ రా!"

నేను రికార్డు ఆయన ముందుకు జరిపాను. "చూసిందే రాయుండ్రి సార్."

ఆయన నవ్వుతూనే రాశారు: మట్టం పెరగలేదు. కింద సంతకం కూడా చేశారు. అప్పుడు నేను జేబులోంచి కాగితం పొట్లం తీసి గడ్డ పక్కన పెట్టాను. ఉప్పూ కారం.